పచ్చకామెర్లు ఎవరింటికి ముందు వస్తాయి?

కుప్పుస్వామి కొలబద్ద అని ఒకటుంది. 1976లో బి. కుప్పుస్వామి అనే మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేశారు. ఇంటి పెద్ద చదువు, ఇంటి పెద్ద ఉద్యోగం, కుటుంబం నెలసరి ఆదాయం. ఈ మూడింటికీ మార్కులు వేసి కూడితే ఆ కుటుంబం ఏ తరగతిదో తేలిపోతుంది. 26 నుంచి 29 వరకు వస్తే పై తరగతి, 5 కంటే తగ్గితే అట్టడుగు తరగతి. ధరలు పెరిగినప్పుడల్లా ఆదాయం గడిలో అంకెలు సవరిస్తుంటారు. మన నగరాల్లో జరిగే వైద్య పరిశోధనల్లో రోగి ఆర్థిక స్థితి అనే మాట రాగానే ఎక్కువమంది బయటికి తీసేది దీన్నే.

ఉత్తర చెన్నైలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. తెలుగుదాన్ని కాబట్టి ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. ఎం.డి. థీసిస్ రాసుకునే పిల్లలు ప్రశ్నపత్రం పట్టుకుని వచ్చి, "అక్కా, ఈయనకు తమిళం అర్థం కావడం లేదు, కాస్త మీరే అడిగి పెట్టండి" అంటారు. ఆ 'ఈయన' సాధారణంగా నెల్లూరు నుంచో, గూడూరు నుంచో, సూళ్ళూరుపేట నుంచో రైలెక్కి సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పెద్దాసుపత్రికి వెళ్ళి, అక్కడ రద్దీ చూసి భయపడి, ఎవరో చెబితే మా మెట్లెక్కిన మనిషి. నేను అడుగుతాను, ఆయన చెబుతాడు, ఆ పిల్ల మార్కులు వేసుకుంటుంది. కామెర్లు తెచ్చే కాలేయపు జబ్బు హెపటైటిస్ గురించిన ఇలాంటి థీసిస్‌లు చాలా చూశాను. చివర్లో తేలేది ఎప్పుడూ ఒకటే: రోగుల్లో అత్యధికులు దిగువ తరగతులవారు.

తేలకేం చేస్తుంది? ప్రభుత్వాసుపత్రి ఓపీ వరుసలో నిలబడి లెక్కపెడితే పేదవాళ్ళే ఎక్కువ తేలతారు. అన్నానగర్‌లో కామెర్లు వచ్చినవాడు ఆ వరుసలో నిలబడడు. అతని లెక్క ఏదో కార్పొరేట్ ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉంటుంది, థీసిస్‌లోకి రాదు. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ కొలబద్ద అడిగేది ఇంటి పెద్ద చదువు, ఇంటి పెద్ద ఉద్యోగం. చెత్తబండి తోసేది భార్య, సూదులు గుచ్చుకునేది ఆమె చేతికి. గడిలో మాత్రం భర్త చేసే పెయింటింగ్ పనికి మార్కులు పడతాయి.

హెపటైటిస్‌కూ పేదరికానికీ లంకె ఉందనే నేనూ నమ్ముతాను. గట్టిగానే నమ్ముతాను. కానీ ఆ లంకె నెల జీతంలో ఉండదు. వైరస్ ఎదురుపడినప్పుడు పక్కకు తప్పుకునే దారి ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నదాంట్లో ఉంటుంది. ఆ దారి ఒక్కో వైరస్‌కు ఒక్కో చోట ఉంటుంది కాబట్టి, అన్నిటినీ కలిపి 'పేదల జబ్బు' అనేస్తే మనకు ఏమీ అర్థం కాదు.

ముందు క్లుప్తంగా తేడాలు. హెపటైటిస్ వైరస్‌లలో ఎ, ఈ అనే రెండూ మలంతో కలుషితమైన నీళ్ళు, తిండి ద్వారా వస్తాయి. ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. బి, సి రక్తం ద్వారా వస్తాయి. బి అయితే ప్రసవంలో తల్లి నుంచి బిడ్డకు, లైంగికంగా కూడా సోకుతుంది. ఈ రెండూ ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉండిపోయి కాలేయాన్ని గట్టిపరుస్తాయి, కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తాయి. డి అనేది బి ఉన్నవాళ్ళకే వస్తుంది, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్-బి ఉన్నవాళ్ళు 2.98 కోట్లు, సి ఉన్నవాళ్ళు 55 లక్షలు. ప్రపంచమంతా కలిపి ఆ ఒక్క ఏడాదిలో ఈ జబ్బులతో చనిపోయినవాళ్ళు సుమారు 13 లక్షలు.

ఇక హెపటైటిస్-ఎ. దీని ప్రవర్తన మన లెక్కలన్నిటినీ తలకిందులు చేస్తుంది. వ్యాసర్పాడిలో మురుగుకాలువ పక్కన పెరిగే పిల్లవాడికి ఇది నాలుగైదేళ్ళ వయసులోనే సోకుతుంది. ఆ వయసులో చాలామందికి లక్షణాలే కనిపించవు. రెండు రోజులు నలతగా ఉంటాడు, వాళ్ళమ్మ దిష్టి తీస్తుంది, లేచి ఆడుకుంటాడు. ఇక జన్మలో వాడికి ఈ జబ్బు రాదు. అదే వైరస్ పాతికేళ్ళ మనిషికి మొదటిసారి సోకితే పదిమందిలో ఏడుగురికి కళ్ళు పచ్చబడతాయి, కొద్దిమందికి ప్రాణం మీదికి వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్ళు తాగి, ఇంటి తిండి తిని, మంచి బడిలో చదివి, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో కంప్యూటర్ ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో స్నేహితులకు రోడ్డు పక్క పానీపూరీ తినిపించిన కుర్రవాడు కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ పద్నాలుగు దాటి మా ముందు కూర్చుంటాడు. అతని తల్లి అంటుంది, "అంత శుభ్రంగా పెంచామమ్మా, ఎలా వచ్చింది?" శుభ్రంగా పెంచడం వల్లే ఇన్నేళ్ళూ రాలేదు, అందుకే ఇప్పుడు ఇంత తీవ్రంగా వచ్చిందని ఆ తల్లికి చెప్పడానికి నోరు రాదు.

కేరళలో 2024లో మలప్పురం, ఎర్నాకుళం జిల్లాల్లో కామెర్లు ప్రబలినప్పుడు పెద్దవాళ్ళు చనిపోయారు. అక్షరాస్యతలో, ఆరోగ్యంలో దేశానికే ముందున్న రాష్ట్రం అది. పారిశుద్ధ్యం సగం బాగుపడిన చోట ఇదే జరుగుతుంది. చిన్నప్పుడు సోకదు, కాబట్టి రక్షణ ఉండదు. వైరస్ మాత్రం ఊళ్ళోనే ఉంటుంది.

ఇది చూసి 'అయితే డబ్బున్నవాళ్ళకే ప్రమాదం' అనేవాళ్ళు ఉన్నారు. ఒక డాక్టరుగారు నా ఎదుటే అన్నారు కూడా, పేదలకు ప్రకృతే ఉచితంగా టీకా వేస్తోందని. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్లవాడికి ఎ వైరస్ ఇచ్చిన నీళ్ళే టైఫాయిడ్ ఇచ్చాయి, విరేచనాలు ఇచ్చాయి, కడుపులో పురుగుల్ని ఇచ్చాయి. మురుగు తాగి బతికిన పిల్లలను లెక్కపెట్టి దాన్ని టీకా అంటే, బతకనివాళ్ళను ఏ గడిలో రాస్తారు?

హెపటైటిస్-ఈ కథ ఇంకా చెప్పుకోదగ్గది. 1955 నవంబరులో ఢిల్లీలో నజఫ్‌గఢ్ మురుగుకాలువ నీళ్ళు యమునలో వెనక్కి పోటెత్తి, నగరానికి నీళ్ళు తోడే చోట కలిశాయి. అధికారులు గమనించి పటిక, క్లోరిన్ మోతాదులు పెంచారు. దాంతో టైఫాయిడ్ లాంటి బాక్టీరియా జబ్బులు పెద్దగా పెరగలేదు. వైరస్ మాత్రం ఆ క్లోరిన్‌ను దాటుకుని వచ్చింది. 1956 మొదటి వారాలకల్లా సుమారు 29 వేలమందికి కామెర్లు వచ్చాయి. అప్పట్లో అది ఎ అనుకున్నారు. తర్వాత దాచిన రక్త నమూనాలను పరీక్షిస్తే ఎ కాదని తేలింది. 1983లో మిఖాయిల్ బలయాన్ అనే సోవియట్ శాస్త్రవేత్త రోగుల నమూనాలను తానే మింగి, జబ్బు తెచ్చుకుని మరీ ఆ వైరస్‌ను చూపించాడు. దానికే తర్వాత హెపటైటిస్-ఈ అని పేరు పెట్టారు.

నేను ఈ కథ చెప్పింది వైరస్ కోసం కాదు, గొట్టం కోసం. ఆనాటి ఢిల్లీలో జబ్బు పడింది మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు తాగినవాళ్ళు. గుమాస్తా అయినా, పెద్ద ఆఫీసరైనా ఆ గొట్టం నీళ్ళే తాగాలి. మురుగు కలిస్తే అందరికీ కలిసింది, అందరూ గోల చేశారు. ఇప్పుడు చెన్నైలో ఆ పరిస్థితి లేదు. కాస్త సంపాదన ఉన్న ప్రతి ఇంటికీ గొట్టం నుంచి తప్పుకునే దారి దొరికింది. ఇరవై లీటర్ల క్యాను, వంటింట్లో ఆర్వో యంత్రం, అపార్టుమెంటుకు ట్యాంకరు. కుళాయి నీళ్ళు వాళ్ళకు కడగడానికి, మొక్కలకు. గొట్టం మీద ఆధారపడటం మానేసినవాళ్ళు గొట్టం గురించి అడగడమూ మానేశారు. అడిగే నోరున్నవాళ్ళంతా తప్పుకున్న తర్వాత మిగిలినవాళ్ళు ఎంత అరిచినా అది అర్జీగానే ఉండిపోతుంది.

ఆ గొట్టం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూడాలంటే తండయార్‌పేట వైపు ఏ సందులోకైనా తెల్లవారుజామున వెళ్ళండి. మన కృష్ణమ్మ నీళ్ళే అక్కడికీ వస్తాయి. శ్రీశైలంలో బయలుదేరి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి పూండి చేరే తెలుగుగంగ నీళ్ళు. 1996 నుంచి నగరానికి అందుతున్నాయి. పుళల్‌లో, మరికొన్ని చోట్ల శుద్ధి చేస్తారు, అక్కడి నీళ్ళకు వంక పెట్టడానికి లేదు. నాలుగు వందల కిలోమీటర్ల ప్రయాణం సవ్యంగానే సాగుతుంది. అసలు గొడవ చివరి ముప్పై అడుగుల్లో ఉంది. నీళ్ళు రోజంతా రావు, వచ్చినప్పుడు ఒత్తిడి ఉండదు. అందుకే గుమ్మం పక్కన చేతిపంపు. కింద మెట్రోవాటర్ (నగర నీటి సరఫరా సంస్థ) గొట్టానికి బిగించి ఉంటుంది, కొట్టి లాగితే తప్ప బిందె నిండదు. గొట్టం ఖాళీగా ఉన్న వేళ అలా లాగితే లోపల పీల్చుడు ఏర్పడుతుంది. గొట్టానికి ఎక్కడ చిల్లున్నా చుట్టూ ఉన్న తడి లోపలికి వస్తుంది. చుట్టూ ఉన్నది చాలా సందుల్లో మురుగు గొట్టమే. మొదటి రెండు బిందెలు వాసన చూసి పారబోయడం అక్కడి ఆడవాళ్ళకు అలవాటు. మూడో బిందె నుంచి పట్టుకుంటారు. వైరస్‌కు వాసన ఉండదు.

"నీళ్ళు కాచుకుని తాగండి" అని మా గోడ మీద తెలుగులోనూ తమిళంలోనూ రాసి ఉంది. మంచి సలహానే. అయిదుగురున్న ఇంటికి రోజుకు తాగే నీళ్ళన్నీ కాచాలంటే సిలిండరు ఎన్ని రోజులు ముందుగా అయిపోతుందో ఆ బోర్డు రాసినవాళ్ళు లెక్కవేసి ఉండరు. శుభ్రత వాళ్ళ చేతుల్లోనే ఉంది కదా అనే మాట ఇక్కడే నాకు గుచ్చుకుంటుంది. ఆ చేతులు అప్పటికే పంపు కొడుతున్నాయి.

గర్భిణులకు ఈ నీళ్ళు ఇంకో రకంగా ప్రమాదం. హెపటైటిస్-ఈ మామూలు మనిషికి వచ్చి పోతుంది. నెలలు నిండుతున్న స్త్రీకి వస్తే మరణాలు నూటికి ఇరవై, పాతిక దాకా నమోదైన సందర్భాలు ఉన్నాయి. తల్లి కార్డులో రక్తహీనత రాస్తారు, బరువు రాస్తారు. ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో రాయడం నేనెప్పుడూ చూడలేదు.

సరే, జబ్బు వచ్చింది. ఎ అయినా ఈ అయినా ప్రత్యేకమైన మందు లేదు. డాక్టరు చీటీలో ముఖ్యమైన మాట ఒకటే, విశ్రాంతి. నా ఉద్దేశంలో మన వైద్యంలో అన్నిటికంటే ఖరీదైన మందు అదే. నెల జీతగాడు సెలవు పెట్టి పడుకుంటాడు, జీతం ఖాతాలో పడుతుంది. మాధవరంలో ఇటుకలు మోసే పాలమూరు కూలీకి నెల రోజుల విశ్రాంతి అంటే నెల రోజుల కూలి పోవడం, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మీద లెక్క పెరగడం. అందుకే వాళ్ళు విశ్రాంతి రాసిన డాక్టరును వదిలి, మందు ఇచ్చే మనిషిని వెతుక్కుంటారు. పసరు పోసేవాడు మూడు ఆదివారాల్లో తగ్గిస్తానంటాడు. మూడు వారాల్లో ఎలాగూ తగ్గేదే చాలావరకు. పేరు పసరుకు వస్తుంది.

పసరును ఎగతాళి చేసేవాళ్ళకు ఒక విషయం గుర్తుచేస్తాను. నేల ఉసిరి, తమిళంలో కీళానెల్లి అంటారు, దాన్ని ఇదే ఊళ్ళో పరిశోధకులు శ్రద్ధగా పరీక్షించారు. 1988లో ఎస్.పి. త్యాగరాజన్ బృందం లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. హెపటైటిస్-బి ఉన్న 37 మందికి నేల ఉసిరి పొడి ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయిందన్నారు. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లమ్‌బర్గ్ కూడా ఆ వ్యాసకర్తల్లో ఒకరు. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. నిలబడి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది. చెప్పొచ్చేదేమిటంటే, పసరు దగ్గరికి వెళ్ళేది మూఢత్వంతోనే అనుకోకండి. దాని వల్ల నష్టం ఎక్కడంటే, కామెర్లు బి వల్ల వచ్చిన మనిషి కూడా కళ్ళు తెల్లబడగానే జబ్బు పోయిందనుకుని రక్తపరీక్షకు రాడు. ఆ ఒక్క పరీక్ష ఎవరు తప్పించుకుంటారో వాళ్ళలో కొందరు పదేళ్ళ తర్వాత కాలేయం చెడి పొట్ట నిండా నీళ్ళతో వస్తారు.

హెపటైటిస్-బిలో పేద, ధనిక తేడా పుట్టిన రోజునే మొదలవుతుంది. పుట్టగానే తల్లి నుంచి సోకిన బిడ్డల్లో పదిమందికి తొమ్మిదిమందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలో కూడా ఉండదు. కాబట్టి పుట్టిన 24 గంటల్లోపు వేసే మొదటి టీకాదే అసలు విలువ. ఈ టీకా విషయంలో తెలుగువాళ్ళం కాస్త గర్వపడవచ్చు. దిగుమతి టీకా డోసు వందల్లో పలికే రోజుల్లో, 1997లో హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ మన దేశపు మొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్-బి టీకాను తెచ్చి ధరను నేలకు దించింది. కానీ మార్కెట్లో ఉండటం వేరు, ప్రభుత్వం ఊరూరా ఉచితంగా వేయడం వేరు. జాతీయ టీకాల కార్యక్రమంలో 2002 ప్రాంతంలో కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలై, దేశమంతటికీ విస్తరించేసరికి 2011 వచ్చింది.

ఈ మధ్యలో పద్నాలుగేళ్ళు ఉన్నాయి. ఆ పద్నాలుగేళ్ళలో పుట్టిన పిల్లల్లో తండ్రి జేబులో డబ్బున్నవాడికి, పక్కన చెప్పే డాక్టరు ఉన్నవాడికి టీకా పడింది. మిగతావాళ్ళకు పడలేదు. ఆ పిల్లలు ఇవాళ యువకులు. వాళ్ళలో ఎవరైనా బాగా చదువుకుని మంచి జీతం సంపాదిస్తే కుప్పుస్వామి కొలబద్ద మీద పై మెట్టుకు ఎక్కుతారు. ఒంట్లో వైరస్ ఉన్నవాళ్ళకు మాత్రం ఆ వైరస్ వాళ్ళు పుట్టినప్పుడు, ఏ 1999లోనో, వాళ్ళ నాన్న ఉన్న మెట్టు మీదే ఉంటుంది. ఇప్పటి ఆదాయానికి మార్కులు వేసి ఇప్పటి జబ్బుకు కారణం వెతికితే దొరకకపోవడానికి ఇదొక కారణం.

బి సోకిన చాలామందికి ఆ సంగతి చెప్పేది జబ్బు కాదు, ఇంకెవరో. ఆపరేషనుకు ముందు పరీక్ష, రక్తదానం, లేదా గల్ఫ్ మెడికల్. ఈ మూడోదాని గురించి కొంచెం చెప్పాలి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్, సౌదీ వెళ్ళేవాళ్ళు వీసా వైద్య పరీక్ష కోసం ఈ ఊరికీ వస్తుంటారు. గల్ఫ్ దేశాల నిబంధన ప్రకారం హెపటైటిస్-బి గాని సి గాని ఉంటే 'అన్‌ఫిట్'. అంతే, ఇంకో మాట లేదు. ఆ కాగితం పట్టుకుని ఒకావిడ మళ్ళీ పరీక్ష చేయించుకుంటే మారుతుందేమోనని మా దగ్గరకు వచ్చింది. వెనకాల తమ్ముడు. ఏజెంటుకు కట్టిన డబ్బు అప్పు తెచ్చింది, నూటికి మూడు వడ్డీ. నేను కార్డు మీద రక్తం చుక్క వేశాను. రెండు గీతలు పడ్డాయి, అంటే బి ఉన్నట్టే, రెండోది మొదటిదాని అంత ముదురుగా. ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అక్కా, ఇది మా ఊళ్ళో ఎవరికైనా తెలుస్తుందా?" రెండోది, "పిల్లకు పెళ్ళవుతుందా?" తన కాలేయం గురించి ఆవిడ ఏమీ అడగలేదు. ఇంటికి వెళ్ళాక పిల్లకూ భర్తకూ పరీక్ష చేయించమని, వాళ్ళకు లేదని తేలితే టీకా వేయించమని రాసిచ్చాను. తమ్ముడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

థీసిస్ పిల్లల అంకగణితంలో పేదరికం ముందు ఉంటుంది, హెపటైటిస్ వెనక ఉంటుంది. ఈవిడ విషయంలో క్రమం ఏమిటి? జబ్బు ఇంకా ఏ హానీ చేయలేదు. ఆవిడ గిన్నెలు తోమడానికీ, పిల్లల్ని ఎత్తుకోవడానికీ ఏ ఇబ్బందీ లేదు, ఆ పనుల వల్ల ఇది ఎవరికీ అంటదు కూడా. అయినా ఒక్క ముద్రతో ఆ కుటుంబం అప్పులో కూరుకుపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం గాని, ఇక్కడ రోకటిపోటే ముందు పడింది.

కాలేయం పాడైందంటే తాగుబోతు అనుకోవడం ఇంకో దరిద్రం. డాక్టర్లలోనూ ఉంది ఈ జబ్బు. గుక్కెడు కల్లు కూడా ఎరగని మనిషిని "రోజుకు ఎంత తాగుతావు?" అని మొదలుపెడతారు, అదీ లుంగీ కట్టుకున్నవాణ్ణే. చొక్కా ఇస్త్రీ చేసి ఉంటే "అలవాట్లేమైనా ఉన్నాయా అండీ?" అని అడుగుతారు. మొదటివాడు ఆ అవమానంతో రెండోసారి రాడు.

హెపటైటిస్-సి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అక్కడ చెప్పుకోవడానికి మంచి ఉంది. 2013లో సోఫోస్‌బువిర్ అనే సి మందు వచ్చినప్పుడు అమెరికాలో పన్నెండు వారాల మందు 84,000 డాలర్లు, మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు. 2015 కల్లా మన హైదరాబాదు కంపెనీలు నాట్కో, హెటిరో వంటివి లైసెన్సు తీసుకుని దాన్ని ఎన్నో రెట్లు చౌకగా తయారుచేశాయి. పంజాబ్ 2016లో, కేంద్రం 2018లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాయి. నూటికి తొంభై అయిదుమందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ఈజిప్టునే చూడండి. ఒకప్పుడు నత్తజ్వరం (నీటి నత్తల ద్వారా వచ్చే పురుగుల జబ్బు) చికిత్స కోసం ప్రభుత్వమే ఊరూరా వేయించిన సూదుల వల్ల అక్కడ సి ప్రబలింది. 2018లో మొదలుపెట్టి కోట్లమందికి పరీక్షలు చేసి, మందులిచ్చి దాన్ని దాదాపు తుడిచిపెట్టింది. ఈజిప్టు ధనిక దేశమేమీ కాదు. సూది పంచిన జబ్బుకు మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలే మళ్ళీ వాడటంతో హెపటైటిస్-బి వందలమందికి సోకి, పదులమంది ప్రాణాలు పోయాయి. ప్రతి జ్వరానికీ సూది వేయించుకుంటే గాని తృప్తి ఉండదని పేదల్ని తిడుతుంటారు. నాకు తెలిసి ఆ తృప్తి వెనక ఉన్నది కూలి లెక్క. రేపు పొద్దున్నే పనికి వెళ్ళాలి, మాత్ర ఎల్లుండికి పనిచేస్తుందట, సూది ఇవాళే పనిచేస్తుందట.

"ఇప్పుడంతా ఉచితమే కదమ్మా, ఇంకా ఏమిటి మీ బాధ?" అని నన్ను అడిగేవాళ్ళున్నారు. నిజమే, 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. ఆ కార్యక్రమం లేని రోజులు చూశాను కాబట్టి దాని విలువ నాకు తెలుసు. అయితే బి మందు తీసుకునే ముందు ఎవరికి అవసరమో తేల్చాలి. అందరికీ అవసరం ఉండదు. అందుకు రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష కావాలి, కాలేయం పరీక్షలు కావాలి, మందు అవసరం లేదన్నవాళ్ళు కూడా ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటూనే ఉండాలి. రక్తం ఇవ్వడానికి ఒక రోజు, ఫలితానికి ఇంకో రోజు, డాక్టరు ఉండే వారం చూసుకుని మరో రోజు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఉచితం అన్న ప్రతిదానికీ మధ్యలో ఒక కిటికీ, కిటికీ ముందు ఒక వరుస, వరుసలో పోయిన ఒక కూలిరోజు. పైగా వలస మనిషికి రేషన్ కార్డు గూడూరులో ఉంటుంది, అద్దెగది ఇక్కడ ఉంటుంది. ఏ జాబితాలో తన పేరు ఉందో తెలుసుకోవడానికే ఇంకో ప్రయాణం. ప్రపంచవ్యాప్తంగా 2022 చివరికి బి ఉన్నవాళ్ళలో తమకు ఉందని తెలిసినవాళ్ళు నూటికి 13 మంది, చికిత్స అందుతున్నవాళ్ళు ముగ్గురే. మాత్రల తయారీలో లోటు ఉండి కాదు ఈ అంకెలు ఇలా ఉన్నది.

ఇక అన్నిటికంటే నన్ను వేధించే విషయం. ఈ నగరపు చెత్త ఎత్తేవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. మూడు నాలుగు తరాల కింద నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆసుపత్రి వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించి తీరాలని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. మంచి నియమం. కానీ సూదులు ఆసుపత్రుల్లో మాత్రమే ఉన్నాయా? టి.నగర్‌లో, అడయార్‌లో, నా వీధిలో కూడా షుగరు ఉన్న ఎన్నో ఇళ్ళలో ఇన్సులిన్ సూదులు ఉన్నాయి. వాడాక అవి కూరగాయల తొక్కలతో, నిన్నటి సాంబారుతో కలిసి ఒకే సంచిలో బయటికి వస్తాయి. ఆ సంచిని విప్పి తడి, పొడి వేరుచేసే మనిషి ఆసుపత్రి సిబ్బంది కాదు కాబట్టి ఆ నియమం ఆమెకు వర్తించదు. సూది గుచ్చుకుంటే అందరూ హెచ్‌ఐవి అని భయపడతారు. బి సోకే అవకాశం దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా ఆ వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది.

పుళియంతోపు నుంచి మా ల్యాబుకు వచ్చే ఒకావిడ అరచెయ్యి చాపి చూపించింది. బొటనవేలి కింద నల్లని చుక్కలు, పాత పోట్లు. "గ్లవుజులు ఇవ్వరా అమ్మా?" అంటే, "ఇస్తారక్కా. అవి వేసుకుంటే ప్లాస్టిక్ కవరు ముడి విప్పడానికి రాదు. విప్పకపోతే సూపర్‌వైజరు ఊరుకోడు" అంది. ఆమెకు పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది. టీకా వేయించుకోమన్నాను. మొదటి డోసు ఎవరో స్వచ్ఛంద సంస్థవాళ్ళ శిబిరంలో పడింది, నెలకు రెండోదీ పడింది. ఆరో నెలలో వేయాల్సిన మూడోదానికి ముందే కాంట్రాక్టు చేతులు మారింది, ఆమెను వేరే వార్డుకు వేశారు, శిబిరం పెట్టినవాళ్ళకు ఆమె దొరకలేదు.

ఇది కష్టమైన సమస్య అని నేను ఒప్పుకోను. పెద్దలకు ఇచ్చే మూడు డోసుల టీకా ఇప్పుడు చౌక, తయారయ్యేదీ మన దగ్గరే. ఆసుపత్రికి రమ్మంటే ఒక కూలిరోజు పోతుంది కాబట్టి రమ్మనకూడదు. తెల్లవారి ఆరింటికి వార్డు ఆఫీసు దగ్గర హాజరు వేస్తారు, అక్కడ అందరూ ఉంటారు, అక్కడికే ఒక నర్సు టీకా పెట్టెతో వెళితే సరిపోతుంది. టీకా చీటీ కాంట్రాక్టరు బీరువాలో కాకుండా కార్మికురాలి చేతిలో ఉండాలి, అప్పుడు వార్డు మారినా మూడో డోసు మారదు. టెండరు కాగితంలో చీపుళ్ళకూ, బండ్లకూ, చేతితొడుగులకూ ఒక్కో వరుస కేటాయించినట్టే టీకాకూ ఒక వరుస పెట్టి, ఎంతమందికి మూడో డోసు పడిందో రాస్తేగాని బిల్లు పాస్ చేయమని చెబితే, ఆరు నెలల్లో కాంట్రాక్టరే నర్సును వెతుక్కుంటూ వస్తాడు.